ఆఫ్రికా రెగే ఎవరితో మొదలుపెట్టాలి? లక్కీ డూబే, ఆల్ఫా బ్లాండీ, టికెన్ జా ఫకోలీ, ఆ తర్వాతివాళ్లు

రెగే అంటే మనలో చాలామందికి బాబ్ మార్లీ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. ఇంకా ఏం వినాలని అడిగితే జమైకా నుంచే మరో నలుగురి పేర్లు వినిపిస్తాయి. కానీ ఆ సంగీతానికి జమైకా పుట్టిల్లయితే, గత నలభై ఏళ్లుగా దాన్ని పోషిస్తున్న మెట్టినిల్లు ఆఫ్రికా. అబిద్జాన్, జొహానెస్‌బర్గ్, లాగోస్, బమాకో, ఆక్రా, హరారే నగరాల్లో తయారైన రెగేకి దాని సొంత గొంతు ఉంది, సొంత గొడవలున్నాయి. చిక్కల్లా ఎంపిక దగ్గరే. దేశానికో భాష, దశాబ్దానికో ధోరణి. పేరున్న పాట ఏదో ఒకటి తగిలి, నచ్చక వదిలేసినవాళ్లు ఎక్కువ. వాళ్లకు సంగీతం నచ్చక కాదు, తమ చెవికి సరిపడని చోట మొదలుపెట్టడం వల్ల.

తొందరలో ఉన్నవాళ్లకు ముందే చెప్పేస్తాం. పాట మాటలు అర్థం కావడం ముఖ్యమైతే లక్కీ డూబే ఆల్బమ్ 'ప్రిజనర్' (1989). బృందం వాయింపు, బేస్ గిటార్ బరువు కావాలంటే ఆల్ఫా బ్లాండీ 'జెరూసలెం' (1986). ఆఫ్రికా వాద్యాలు నిజంగా వినిపించాలంటే టికెన్ జా ఫకోలీ 'ఆఫ్రికన్ రెవల్యూషన్' (2010). రాక్ గిటార్ అలవాటున్నవాళ్లకు నైజీరియా మాజెక్ ఫాషెక్. డ్యాన్స్ కోసమైతే ఘనా, జింబాబ్వేల డ్యాన్స్‌హాల్ (రెగే నుంచే పుట్టిన, యంత్ర తాళం మీద నడిచే వేగమైన పాట). ఎందుకలా అన్నది కింద వివరంగా ఉంది.

ముందు దరువు పట్టుకోవాలి

నాలుగు లెక్కపెట్టండి. మనకు అలవాటైన సినిమా పాటల్లో బరువు ఒకటి మీద పడుతుంది. రెగేలో ప్రధానమైన దరువు 'వన్ డ్రాప్'. ఇందులో ఒకటి ఖాళీ. కాలితో మోగించే కిక్ డ్రమ్మూ, స్నేర్ అనే చిన్న డ్రమ్ అంచు మీద పుల్లతో కొట్టే 'టక్' శబ్దమూ రెండూ కలిసి మూడు మీద పడతాయి. గిటార్ రెండు మీద, నాలుగు మీద 'చక్' మని కోసినట్టు వాయించి ఆపేస్తుంది. దాన్ని స్కాంక్ అంటారు. ఆ సందుల్లో ఆర్గన్ ఉడుకుతున్న నీళ్లలా గుబగుబలాడుతూ ఉంటుంది. బేస్ గిటార్ మాత్రం వెనక నిలబడి తాళం వేయదు, పాటలో రెండో బాణీ దానిదే. నాలుగు దెబ్బలకూ కిక్ పడితే అది 'స్టెపర్స్'. ఊరేగింపు నడకలా ఉంటుంది, ఉద్యమ పాటలకు ఎక్కువగా వాడతారు.

వేగం కొలిచే యాప్ ఒకే పాటకు ఒకసారి 75, మరోసారి 150 చూపిస్తే యాప్ చెడిపోయిందనుకోవద్దు. లెక్క నెమ్మదిగా పెట్టారా, రెట్టింపుగా పెట్టారా అన్నదే తేడా. పైన చెప్పిన మూడో దెబ్బ రెట్టింపు లెక్కలోది.

ఈ కాస్త తెలిస్తే చాలు, ఆఫ్రికాలో ఎవరు ఏది ఉంచుకున్నారు, ఏది మార్చుకున్నారు అన్నది చెవికే దొరుకుతుంది. అసలు ఎంపిక ఆధారపడేది దాని మీదే.

ఎలా వచ్చింది, ఎందుకు నిలిచింది

జమైకాలో రెగే 1968 ప్రాంతంలో రూపు కట్టింది. రెగే గాయకుల్లో చాలామంది పాటించే రాస్తఫారీ మతంలో ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ దైవసమానుడు. ఆయన 1966 ఏప్రిల్ 21న జమైకా వచ్చినప్పుడు కింగ్‌స్టన్ విమానాశ్రయం జనసంద్రమైంది. ఇథియోపియాలోని షషమనేలో ఆయన ఇచ్చిన భూమికి జమైకా నుంచి కొన్ని కుటుంబాలు వలస వెళ్లాయి కూడా. అంటే రెగే మాటల్లో ఆఫ్రికా మొదటినుంచీ ఉంది. కాకపోతే అది దూరాన ఉన్న పుణ్యభూమిగా ఉండేది.

ఆఫ్రికా గాయకులు అందుకున్నాక ఆ పుణ్యభూమికి వీధి పేర్లు వచ్చాయి, పోలీసు ఠాణాలు వచ్చాయి, దిగిపోని అధ్యక్షులు వచ్చారు. ఆఫ్రికా రెగే కోసం మేం ఇంత పట్టుబట్టడానికి కారణం ఇదే. నైజీరియాలో సనీ ఒకోసున్ 1977లోనే 'ఫైర్ ఇన్ సోవెటో' పాడాడు. అది పూర్తి రెగే కాదు, తన ఒజిడి శైలిలో రెగే నడక కలిపాడు. 1980 ఏప్రిల్ 17 రాత్రి జింబాబ్వే స్వాతంత్ర్య వేడుకలో బాబ్ మార్లీ, వెయిలర్స్ బృందం హరారే (అప్పటికి దాని పేరు సాలిస్‌బరీ) రుఫారో స్టేడియంలో వాయించారు. బయట ఉండిపోయిన జనం గేట్ల మీదికి తోసుకొస్తే పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు, మర్నాడు మళ్లీ కచేరీ పెట్టారు. 1981 మే 11న మార్లీ చనిపోయాడు. మరుసటి ఏడాదే ఐవరీ కోస్ట్‌లో ఆల్ఫా బ్లాండీ మొదటి ఆల్బమ్ వచ్చింది.

అప్పటికి దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన. ఐవరీ కోస్ట్‌లో 1990 దాకా ఒకే పార్టీ రాజ్యం. నైజీరియాలో 1983 చివర మళ్లీ సైనిక పాలన వచ్చింది. నేరుగా అనలేని మాటను పాటలో పెట్టి అనడానికి రెగే అందివచ్చింది. క్యాసెట్ల కాలం కావడంతో పల్లెలకూ చేరింది. క్యాసెట్ నకళ్ల వల్ల గాయకులకు రావలసిన డబ్బు రాలేదు, పాట మాత్రం ఊరూరా తిరిగింది.

లక్కీ డూబేనా, ఆల్ఫా బ్లాండీనా?

మొదటిసారి వినేవాళ్లకు అసలు పోటీ ఈ ఇద్దరి మధ్యే.

లక్కీ డూబే 1964లో ఎర్మెలోలో పుట్టాడు. మొదట పాడింది రెగే కాదు, జులూ భాషలో ఎంబకాంగా. గిటార్ పరుగు, ఆడవాళ్ల బృందగానం, పిలుపు, దానికి బదులు, ఇవన్నీ ఉన్న దక్షిణాఫ్రికా జనసంగీతం అది. 1984లో 'రాస్తాస్ నెవర్ డై' అనే చిన్న రెగే ఆల్బమ్ తెచ్చాడు. సరిగా అమ్ముడుపోలేదు, పైగా ప్రభుత్వం నిషేధించింది. మళ్లీ ఎంబకాంగాకే వచ్చెయ్యమన్నా వినకుండా, నిర్మాత రిచర్డ్ సిలూమాతో కలిసి 1985లో మరో రెగే ఆల్బమ్ చేశాడు. అది ఆడింది. తర్వాత 'స్లేవ్' (1987), 'టుగెదర్ ఆజ్ వన్' (1988), 'ప్రిజనర్' (1989), 'హౌస్ ఆఫ్ ఎగ్జైల్' (1991), 'విక్టిమ్స్' (1993) వరసగా వచ్చాయి. 2007 అక్టోబర్ 18న జొహానెస్‌బర్గ్‌లోని రోజెటెన్‌విల్‌లో కారు దొంగలు ఆయన్ని కాల్చి చంపారు.

ఆయన రెగేలో ఎంబకాంగా ఎక్కడుందో తెలియాలంటే వెనక పాడే ఆడగొంతులు వినండి. జమైకా రికార్డుల్లో వెనక గొంతులు ఎక్కువగా పల్లవికి తోడొస్తాయి. డూబే దగ్గర అవి ప్రశ్నకు జవాబిస్తాయి, ఒక్కోసారి ఆయన సగంలో వదిలిన వాక్యాన్ని పూర్తి చేస్తాయి. ఆయన గొంతు కూడా ఒకటి కాదు. ఒకే పాటలో మంద్రంలో మాట్లాడినట్టు మొదలుపెట్టి, మధ్యలో మామూలు స్థాయికి వచ్చి, చివర సన్నని తారస్థాయికి ఎగిరిపోతాడు. మనసంతా పెట్టి పాడేటప్పుడు ముగ్గురు పాడుతున్నారేమో అనిపిస్తుంది.

మాటలు సులువైన ఇంగ్లిష్. తరగతి గది ఇంగ్లిష్ వచ్చినవాళ్లకు కూడా రెండోసారి వింటే కథ మొత్తం అందుతుంది. 'ప్రిజనర్' పాటలో ఇక బడులు, ఆసుపత్రులు కట్టరట, కట్టేది జైళ్లేనట అంటాడు. అదే ఆల్బమ్‌లోని 'రిమెంబర్ మీ' పాట నగరానికి పనికి పోయి తిరిగిరాని తండ్రిని పిలిచే కొడుకుది. పాలమూరు బొంబాయి వలసలూ, కరీంనగర్ గల్ఫ్ వలసలూ తెలిసిన ఇళ్లలో ఈ పాటకు వివరణ అక్కర్లేదు. 'స్లేవ్' ఆల్బమ్ పేరు చూసి బానిస వ్యవస్థ గురించి అనుకుంటారు. ఆ పాట తాగుడుకు బానిసైనవాడి గోడు.

లోటు కూడా చెప్పాలి. 1980ల చివరి సింథసైజర్ శబ్దం ఆయన ఆల్బమ్‌ల నిండా ఉంటుంది. కీబోర్డు మెరుపులు ఇప్పటి చెవికి పాతగా తోస్తాయి. అల్లిక పద్ధతి ఒక ఆల్బమ్‌కీ మరో ఆల్బమ్‌కీ పెద్దగా మారదు. వరసగా మూడు పెట్టుకుంటే అన్నీ ఒకేలా ఉన్నాయనిపిస్తుంది. అందుకే 'ప్రిజనర్' విన్నాక నేరుగా 1990 నాటి ప్రత్యక్ష కచేరీ రికార్డు 'క్యాప్చర్డ్ లైవ్'కి వెళ్లండి. డ్రమ్స్, ఆడగొంతులు ముందుకొస్తాయి, కీబోర్డులు వెనక్కి తగ్గుతాయి. స్టూడియో రికార్డులు నచ్చనివాళ్లకు కూడా ఇది నచ్చుతుంది.

ఆల్ఫా బ్లాండీ అసలు పేరు సేదూ కోనే, 1953లో దింబోక్రోలో పుట్టాడు. జూలా, ఫ్రెంచ్, ఇంగ్లిష్ భాషల్లో పాడతాడు, మధ్యమధ్య హీబ్రూ, అరబిక్ మాటలు దొర్లుతాయి. 1982 నాటి 'జా గ్లోరీ'లోని 'బ్రిగాడియే సబరీ' పాటతో పశ్చిమాఫ్రికా అంతా తెలిసిపోయాడు. అబిద్జాన్‌లో పోలీసులు రాత్రిపూట దాడులు చేసి జనాన్ని కొడుతుంటే, చావు అంచుదాకా వెళ్లినవాడు పోలీసును కనికరించమని బతిమాలే పాట అది. జూలాలో ఉంది. అంతవరకు పోలీసు దెబ్బల గురించి అక్కడ ఎవరూ పాటలో ఇంత బాహాటంగా పాడలేదు.

'జెరూసలెం' ఆల్బమ్‌ను కింగ్‌స్టన్‌లోని టఫ్ గాంగ్ స్టూడియోలో మార్లీ పాత బృందం వెయిలర్స్‌తోనే రికార్డు చేశాడు. అందుకే మార్లీకి అలవాటుపడ్డ చెవి దీన్ని వెంటనే ఒప్పుకుంటుంది. డ్రమ్స్, బేస్ మధ్య వదిలిన జాగా, ఆర్గన్ గుబగుబ అన్నీ తెలిసిన ఇంటివే. దాని మీద పలికే గొంతు, భాష మాత్రం అబిద్జాన్‌వి. మొదటి పాట హీబ్రూ ప్రార్థన వాక్యంతో మొదలై ఇంగ్లిష్‌లోకి మారుతుంది. 'బ్లడ్‌షెడ్ ఇన్ ఆఫ్రికా' పాట కూడా ఇంగ్లిషే, కాబట్టి భాషకు భయపడేవాళ్లు ఈ రెండింటితో మొదలుపెట్టొచ్చు.

బ్లాండీతో వచ్చే ఇబ్బంది ఎంపిక. నలభై ఏళ్లలో దాదాపు ఇరవై స్టూడియో ఆల్బమ్‌లు, అన్నీ ఒకే మట్టంలో లేవు. వచ్చిన వరసలో వినాలనుకుంటే మధ్యలో విసుగొస్తుంది. మా వరస ఇది: 'జెరూసలెం', తర్వాత 'జా గ్లోరీ', తర్వాత 'రెవల్యూషన్' (1987), ఆపైన 'మసాడా' (1992). ఈ నాలుగూ పట్టుబడ్డాక 2000 నాటి 'ఎలోహిం' తీసుకోండి. 1998 డిసెంబర్‌లో బుర్కినా ఫాసోలో హత్యకు గురైన పత్రికా రచయిత నోర్బెర్ జోంగో గురించిన పాట అందులో ఉంది. ఫ్రెంచ్ పాటలకు ముందు కథ తెలుసుకుని తర్వాత వినండి. చేతిలో అనువాదం పెట్టుకుని పాటతో పాటు చదివితే చెవి పని చేయదు, కన్నే పని చేస్తుంది.

ఇద్దరిలో ఒకరినే ఎంచుకోమంటే? ఇంట్లో అందరితో కలిసి వినడానికి, కారులో దూర ప్రయాణానికి, పిల్లలకు పరిచయం చేయడానికి డూబే. ఒంటరిగా హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వాద్యాలను విడదీసి వినే అలవాటున్నవాళ్లకు బ్లాండీ.

బ్లాండీ తర్వాత టికెన్ జా: అదే దేశం, వేరే దారి

టికెన్ జా ఫకోలీ 1968లో ఐవరీ కోస్ట్ ఉత్తరాన ఒదియెన్నేలో పుట్టాడు. బ్లాండీ మతాల ఐక్యత గురించి, మనిషి లోపలి యుద్ధం గురించి ఎక్కువగా పాడితే, ఇతను పాలకుల్ని నిలదీస్తాడు. దేశంలో అంతర్యుద్ధం రేగిన తర్వాత ప్రాణభయంతో మాలీ రాజధాని బమాకోకి వెళ్లిపోయాడు. 2007 డిసెంబర్‌లో సెనెగల్ అధ్యక్షుణ్ని వేదిక మీదే విమర్శించినందుకు ఆ దేశం ఆయన్ని మళ్లీ అడుగుపెట్టవద్దంది. ఆ నిషేధం 2010 దాకా నడిచింది.

ఆయనవి రెండు ఆల్బమ్‌లు పక్కపక్కన పెడితే ఆఫ్రికా రెగే మారిన తీరు కళ్లకు కడుతుంది. 2002 నాటి 'ఫ్రాన్సాఫ్రిక్' కింగ్‌స్టన్‌లో, వెయిలర్స్ కీబోర్డు వాద్యకారుడు టైరోన్ డౌనీ నిర్మాణంలో తయారైంది. స్వతంత్రం ఇచ్చాక కూడా ఫ్రాన్స్ తన పాత వలసల మీద పెట్టుకున్న పట్టు గురించిన పాటలు, శబ్దం మాత్రం పక్కా జమైకాది. ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన 'ఆఫ్రికన్ రెవల్యూషన్'లో కోరా, ంగోని, బలఫోన్ ముందు వరసలోకి వచ్చాయి. కోరా 21 తీగల వీణలాంటి వాద్యం, ఎండిన పెద్ద సొరకాయ బుర్ర మీద తోలు బిగించి చేస్తారు. ంగోని సన్నగా పొడిగా పలికే తీగ వాద్యం. బలఫోన్ చెక్క పలకల్ని పుల్లలతో కొట్టి వాయించేది. గిటార్ స్కాంక్ వాయించాల్సిన చోట ంగోని తీగ మీట్లు పడటం మొదటిసారి వింటే ఒళ్లు జలదరిస్తుంది. స్కాంక్‌కి కావలసింది వెంటనే ఆగిపోయే పొట్టి శబ్దం. ంగోనికి అది పుట్టుకతోనే ఉంది, గిటార్ వాయించేవాడు వేలెత్తి ఆపాల్సిన పని దానికి లేదు.

ఇంకా స్పష్టంగా తెలియాలంటే 2015 నాటి 'రాసీన్' తీసుకోండి. పాత జమైకా పాటల్ని ఆఫ్రికా వాద్యాలతో మళ్లీ పాడిన ఆల్బమ్. అందులో 'గెట్ అప్ స్టాండ్ అప్' విని, వెంటనే వెయిలర్స్ 1973 నాటి మూలం వినండి. ఎనిమిది నిమిషాల పని. ఆఫ్రికా రెగే అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మేం ఎక్కువ వివరించకుండా ఈ జంటనే పెట్టి వినిపించమంటాం.

ఫ్రెంచ్ బొత్తిగా పడనివాళ్లకు టికెన్ జా మొదటి ఎంపిక కాకూడదు. ఆయన బలం సగం మాటల్లోనే ఉంది.

నైజీరియా: ఒక దశాబ్దపు వెలుగు

1980ల రెండో సగం, 1990ల మొదట్లో లాగోస్‌లో రెగేదే రాజ్యం. మాజెక్ ఫాషెక్ 1988లో 'ప్రిజనర్ ఆఫ్ కాన్షన్స్' ఆల్బమ్‌తో, అందులోని 'సెండ్ డౌన్ ద రెయిన్' పాటతో ఇంటింటి పేరయ్యాడు. ఆ పాట వేస్తే వాన పడుతుందని జనం నమ్మేంత పేరు. కప్పల పెళ్లి చేసి వాన కోసం పాడే మనకు ఆ నమ్మకం వింతేమీ కాదు. 1991లో అమెరికా కంపెనీకి 'స్పిరిట్ ఆఫ్ లవ్' చేశాడు. గిటార్ పదును, రాక్ గాలి ఎక్కువ. రాక్ నుంచి వచ్చే శ్రోతకు దగ్గర దారి ఇదే. ఆయన 2020 జూన్ 1న న్యూయార్క్‌లో కన్నుమూశాడు.

ఆయనతో పాటు వినదగినవాళ్లు రాస్ కిమోనో, ద మాండేటర్స్ బృందం, తన ఇసోకో భాషలో కూడా పాడిన ఎవి-ఎడ్నా ఒఘోలీ. ఇక్కడ ఆడవాళ్ల గొంతు ముందు నిలిచిన రికార్డులు తక్కువ కాబట్టి ఒఘోలీని తప్పక వినాలి. ఎక్కువ పాటలు ఇంగ్లిష్‌లోనో, అక్కడి జనం వాడే కలగలుపు ఇంగ్లిష్ పిడ్జిన్‌లోనో ఉంటాయి. పిడ్జిన్ మొదట గజిబిజిగా ఉన్నా నాలుగు పాటలకు అలవాటవుతుంది.

ఇబ్బంది రికార్డుల నాణ్యత. అప్పటి నైజీరియా ఆల్బమ్‌లు చాలావరకు ఆన్‌లైన్‌లో క్యాసెట్ నుంచో అరిగిన ఎల్పీ నుంచో ఎక్కించినవి. కంపెనీల తరఫున అధికారికంగా పెట్టిన ప్రతి దొరికితే అదే వినండి. క్యాసెట్ ప్రతిలో వేగం కాస్త అటూ ఇటూ అయి, శ్రుతి పావు స్వరం మారిపోయి ఉండటం మామూలే. దాంతో కలిపి వాయిస్తూ నేర్చుకుందామంటే గిటార్ ఎంతకీ కలవదు. తప్పు మీ చెవిది కాదు, ప్రతిది.

తూర్పున, దక్షిణాన

మలావీలో ఎవిసన్ మటఫాలే 2001 నవంబర్‌లో పోలీసు నిర్బంధంలో ఉండగా చనిపోయాడు. ఆయన నడిపిన బ్లాక్ మిషనరీస్ బృందం ఆ తర్వాత కూడా ఆగలేదు. 'కుయింబా' పేరుతో వరస సంఖ్యలు వేసి ఆల్బమ్‌లు తెస్తూ వచ్చింది. చిచేవా భాష, ఆర్భాటం లేని వాయింపు. కాసేపు మళ్లీ పశ్చిమానికి వస్తే, సియెర్రా లియోన్ అంతర్యుద్ధంలో గినీ శరణార్థి శిబిరాలకు చేరిన సంగీతకారులు రెఫ్యూజీ ఆల్ స్టార్స్ బృందంగా 2006లో 'లివింగ్ లైక్ ఎ రెఫ్యూజీ' తెచ్చారు. అందులో రెగే, తమ ఊరి పాత గిటార్ పాటలు కలిసి నడుస్తాయి.

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు మాత్రం మేం ఇథియోపియాను ముందు పెట్టమంటాం. అక్కడి పాటకు ఐదు స్వరాల కట్టుబాట్లున్నాయి. వాటిలో తిజిత అనే దాని మేజర్ రూపం స, రి, గ, ప, ద. అంటే మన మోహనం స్వరాలే. గమకం వేరు, నడక వేరు, కానీ చెవి వెంటనే పట్టేస్తుంది. రెగే దరువు మీద అమ్హారిక్ మాటలతో పాడిన టెడ్డీ ఆఫ్రో 2005 నాటి 'యాస్తెసెర్యల్'తో మొదలుపెట్టి, 2013లో చిన్న వయసులోనే చనిపోయిన ఎయోబ్ మెకోన్నెన్‌కి వెళ్లండి. ఎయోబ్ గొంతు మెత్తన, దరువు నిదానం. కొత్తవాళ్లు ఎవరైనా ఇష్టపడతారు.

ఇప్పటి పాట: రెగేనా, డ్యాన్స్‌హాలా?

2000 తర్వాత కంప్యూటర్ ఒకటుంటే ఒక గదిలోనే రికార్డు చేసే వీలొచ్చింది. ఆరేడుగురు వాద్యకారుల బృందాన్ని పెట్టుకోవడం ఖర్చు. దాంతో యువత డ్యాన్స్‌హాల్ వైపు వెళ్లింది. జింబాబ్వేలో హరారే శివారు ఎంబారే వంటి చోట్ల పుట్టిన జిమ్‌డ్యాన్స్‌హాల్‌లో ఒక తాళం తయారుచేసి, దాన్ని 'రిడిమ్' అంటారు, దాని మీద పది పదిహేను మంది వేర్వేరు పాటలు పాడతారు. విన్‌కీ డి ఈ దారిలో పెద్ద పేరు. షోనా భాష. ఘనాలో స్టోన్‌బ్వాయ్, షట్టా వాలే, సమిని. నైజీరియాలో పటోరాంకింగ్.

వీటిని మార్లీలాంటి పాటలని చెప్పి ఎవరికీ ఇవ్వకండి, నిరాశపడతారు. తాళం గట్టిగా, మాట వేగంగా, బేస్ యంత్రం నుంచి వస్తుంది. పెళ్లి సంగీత్‌కో, కాలేజీ వేడుకకో బ్రహ్మాండంగా పనికొస్తాయి. పాత పద్ధతి రెగే ఇప్పటి శుభ్రమైన శబ్దంతో కావాలంటే ఘనాకే చెందిన రాకీ దావునీని వినండి. 'బ్రాంచెస్ ఆఫ్ ద సేమ్ ట్రీ' 2016 గ్రామీల్లో రెగే విభాగానికి నామినేట్ అయింది. గినీ నుంచి టకానా జయాన్ మధ్యస్థంగా ఉంటాడు. సుసు, మలింకే, ఫ్రెంచ్, ఇంగ్లిష్ కలిపి పాడతాడు, 2007 నాటి 'జయాన్ ప్రాఫెట్' మంచి ప్రారంభం.

ఒక గందరగోళం తీర్చాలి. నైజీరియా గాయకుడు ఫేలా కూటీ పాడిన అఫ్రోబీట్ రెగే కాదు. ఇప్పటి లాగోస్ పాప్‌కి వాడే 'అఫ్రోబీట్స్' కూడా రెగే కాదు, అందులో డ్యాన్స్‌హాల్ పాలు కొంత ఉంది. యాప్‌లు మూడింటినీ ఒకే జాబితాలో గుదిగుచ్చుతాయి. జాబితాని నమ్మకుండా ఆల్బమ్ పేరుతో వెతకండి.

వినేటప్పుడు తప్పులెక్కడ

ఫోన్ స్పీకర్ మీద రెగే వినకండి. బేస్ గిటార్ మందపు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఫోన్ స్పీకర్ 200 హెర్ట్జ్ కిందికి దాదాపు మూగ. పాటలో సగం బాణీ మీకు చేరదు, మిగిలేది గిటార్ 'చక్ చక్'. రెగే అంతా ఒకేలా ఉంటుందనే మాట చాలావరకు ఇక్కడే పుట్టింది. చెవిలో బిగువుగా కూర్చునే మామూలు ఇయర్‌ఫోన్లు చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. బేస్ బూస్ట్ పెట్టొద్దు. పెడితే బేస్ స్వరాలన్నీ ఒకే గుమ్ములో కలిసిపోతాయి.

'గ్రేటెస్ట్ హిట్స్' సంకలనాల్లో కొన్ని తర్వాత మళ్లీ పాడించిన ప్రతులుంటాయి. పాట నిడివిని అసలు ఆల్బమ్‌లోని నిడివితో పోల్చండి. పది సెకన్లకు మించి తేడా ఉంటే అనుమానించాలి. వీడియో సైట్లలో మార్లీ బొమ్మ పెట్టి ఎవరెవరి పాటలో ఎక్కిస్తారు. జూలా పాటల పేర్లు ఒక్కో చోట ఒక్కో స్పెల్లింగ్‌తో ఉంటాయి కాబట్టి పాట పేరు దొరక్కపోతే గాయకుడి పేరు, ఏడాది కలిపి వెతకండి.

బ్యాండ్‌లో వాయించాలనుకుంటే

లక్కీ డూబేతోనే మొదలుపెట్టండి. తీగల మార్పు తక్కువ, పాట నిర్మాణం స్పష్టం. బ్లాండీ 'జెరూసలెం' పాటలు కాగితం మీద సులువుగా కనిపిస్తాయి, వాయిస్తే పట్టు చిక్కవు. వెయిలర్స్ వాయించనిచోటే వాళ్ల పనితనం ఉంది.

గిటార్‌లో సన్నని మూడు తీగలే వాడాలి, మీటు కిందికే. మీటిన వెంటనే ఎడమచేతి వేళ్లు తీగ మీదనుంచి తీయకుండా ఒత్తిడి మాత్రం వదలాలి. శబ్దం సాగితే స్కాంక్ పోతుంది. బేస్ ఆంప్‌లో ట్రెబుల్ దాదాపు సున్నాకి తగ్గించి, పిక్ పక్కన పెట్టి, బొటనవేలితోనో వేలి మెత్తటి భాగంతోనో మెడ దగ్గర వాయించాలి. కీబోర్డులో ఎడమచేయి మరీ కిందికి దిగితే బేస్‌తో కొట్లాటే, మధ్య సప్తకం దాటి కిందికి రావద్దు. వేగం (నెమ్మది లెక్కలో) నిమిషానికి 72 నుంచి 80 మధ్య పెట్టుకోండి. కచేరీలో ఉత్సాహం కొద్దీ 85 దాటితే వన్ డ్రాప్ ఊగడం మానేసి పరుగెత్తుతుంది.

ఎక్కువగా దెబ్బతినేది డ్రమ్స్ దగ్గర. సినిమా పాటలు వాయించిన చేయి తెలియకుండానే ఒకటి మీద కిక్ వేసేస్తుంది. దీనికి మందు: మొదటి రెండు రిహార్సల్స్ డ్రమ్స్ లేకుండా, గిటార్, బేస్, చప్పట్లతో మాత్రమే చేయండి. చప్పట్లు మూడు మీదే పడాలి. ఐదు నిమిషాలు ఎవరూ జారకుండా నిలబెట్టాక డ్రమ్మర్‌ను కూర్చోబెట్టి, మొదట హై-హ్యాట్, తర్వాత పుల్ల, చివరికి కిక్ చేర్చండి.